అడుగు కుట్టు

ఈ కథలో ఇంతవరకు నేను చెప్పిన ప్రతి మాటా త్రాసులో వేసి తూచి చెప్పిందే. ఆవగింజలో అరవయ్యో వంతు అబద్ధం కూడా కలవలేదు. అనుమానమున్నవాళ్ళు త్రాసు తెచ్చుకోండి, ఆవగింజలు నేనిస్తాను.

పోయిన వారం మనవాళ్ళని మట్టిలో బోర్లా పడేసి వదిలేశాం కదా, ముందు వాళ్ళని లేపుదాం. రొట్టెల కార్ఖానాలో పనిచేసే ఎనిమిది మంది ఆడవాళ్ళది ఒక తాడులాగుడు జట్టు. తాడు కొసని నడుం చుట్టూ తిప్పుకుని, మడమలు నేలలో గుచ్చి, అందరికంటే చివర నిలబడే మనిషిని లంగరు అంటారు. మన జట్టు లంగరుకి ఇరవై నాలుగేళ్ళు. యాభై కిలోల మైదా మూటని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నడిచే పిల్ల. రెండేళ్ళలో ఆ పిల్ల మడమలు కదిపిన జట్టు లేదు. అలాంటిది మొన్న లాండ్రీ జట్టుతో సరదా పోటీలో, చెరొకటీ గెలిచి మూడోది తేలబోతుండగా, గెలుపు ఇంకో రెండు జానల దూరంలో ఉండగా, తాడు వదిలేసింది. మిగతా ఏడుగురూ ముందుకి తూలి ఒకరిమీద ఒకరు పడ్డారు. నేల అదిరి పక్క వీధిలో గడియారాలు రెండు నిమిషాలు ఆగిపోయాయి. సరే, ఒక నిమిషం. నిమిషాలు త్రాసులో తూగవు కదా.

వదిలిన మనిషి అక్కడ నిలబడిందా అంటే అదీ లేదు. ఎప్పుడూ నడుముకి చుట్టుకునే తువ్వాలుని ఇంకాస్త బిగించుకుని, వెనక్కి చూడకుండా గేటు దాటి వెళ్ళిపోయింది. తెల్లారేసరికి కార్ఖానా అంతా ఒకటే మాట. లాండ్రీ వ్యాను నడిపే అబ్బాయికి మన లంగరు మనసిచ్చిందనీ, మనసుతోపాటు తాడు కూడా ఇచ్చేసిందనీ.

ఆదివారం ఫైనల్. ఎదుటి జట్టు మళ్ళీ ఆ లాండ్రీవాళ్ళే. ఇవాళ శుక్రవారం.

ఆ కార్ఖానాలో ఒక కట్టుబాటుంది. పెద్ద తొట్టిలో పిండి కలిపి, గుడ్డ కప్పాక, అది పొంగడానికి యాభై నిమిషాలు పడుతుంది. అంతసేపూ చేతులు ఖాళీ. ఎవరికి ఎవరితో తగువున్నా ఆ యాభై నిమిషాల్లోనే తేల్చుకోవాలి. పిండి పొంగేలోపు తెగని తగువుని మర్నాటికి మోసుకుపోకూడదు. అప్పుడు ఓవెన్ చూసుకునే పెద్దక్క ఏది చెబితే అదే తీర్పు. పెద్దక్కకి ముప్ఫై ఆరేళ్ళు, ఇద్దరు పిల్లలు. తాడుకి ముందు నిలబడేదీ ఆవిడే కాబట్టి, మొన్న అందరికంటే అడుగున పడిందీ ఆవిడే. మణికట్టు బెణికి కట్టుతో ఉంది.

ఆ మధ్యాహ్నం మైదా మూటలు పేర్చిన గదిలో పంచాయతీ మొదలైంది. మూటల మీద ఏడుగురు. మధ్యలో ఒక్క ముక్కాలిపీట, దాని మీద లంగరు. ఎదురుగా మావయ్య.

మావయ్య లంగరు తల్లికి సొంత తమ్ముడు. పిండి కలిపే మిషన్లకి మెకానిక్కు, జట్టుకి కోచ్. ఆయన మెడలో ఈల పుట్టుమచ్చలాంటిది, స్నానానికి కూడా తీయడు. ఎంత గంభీరమైన సంగతైనా ముందొక జోకు చెబితే తప్ప మొదలుపెట్టలేడు. ఆ రోజూ అంతే. ఒక లారీ డ్రైవరు చిలకని పెంచాడట, దానికి వచ్చింది ఒకే ఒక్క మాట, పక్కకి జరుగు అని. ఒకనాడు దాన్ని అత్తారింటికి తీసుకెళ్ళాడట. ఇంతవరకు వచ్చేసరికి అత్తయ్య టీ కప్పుల పళ్ళెంతో లోపలికి వచ్చింది. కార్ఖానా ముందు అమ్మకాల కౌంటరు చూసుకునేది ఆవిడే, మావయ్య భార్య. చిలక అత్తారింటి గుమ్మం దాటిందో లేదో అత్తయ్య పళ్ళెం మూట మీద పెట్టి, పెదవులు బిగించి, చరచరా బయటికి నడిచింది.

మావయ్య తలుపు వంక చూసి నిట్టూర్చాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే వరస అన్నాడు. పెళ్ళయిన కొత్తలో కడుపు పట్టుకుని నవ్వేదట. ఏ గడియలో ఎవరి దిష్టి తగిలిందో, ఇప్పుడు జోకు సగంలో లేచి వెళ్ళిపోతుందట. తన హాస్యం ఇంటావిడకి విసుగైపోయిందని ఆయన ఎప్పుడో ఒప్పేసుకున్నాడు. ఒప్పుకున్నా బాధ బాధే. ఆ బాధలో చిలక సంగతి మరిచిపోయి నేరుగా అసలు విషయానికి వచ్చేశాడు.

తాడు ఎందుకు వదిలావని అడిగాడు. చెయ్యి జారిందంది లంగరు. చేతులకి రాసుకునే పొడి ఏమైందన్నాడు. అయిపోయిందంది. ఆ పొడి డబ్బా నిండుగా ఆయన జేబులోనే ఉంది, తీసి చూపించాడు. అయితే కందిరీగ కుట్టిందంది. ఎక్కడ కుట్టిందని ఏడుగురూ ఒకేసారి అడిగారు. అక్కడ కథ అడ్డం తిరిగింది.

 నిజం లంగరు నాలుక చివరే ఉంది, కానీ దాన్ని మింగడం అలవాటైపోయింది. ఏడాదిన్నర కిందట ఒక పొద్దున మూట ఎత్తబోతే ఒక్క చుక్క. చెమటేమో అనుకుంది. తరవాత తాడు తిప్పుతూ గెంతుతుంటే. తరవాత తుమ్మితే. చివరికి లాగుడు పోటీలో, సరిగ్గా బలమంతా పెట్టే క్షణంలో. అప్పట్నించి నల్ల ప్యాంట్లే వేసుకుంది, నడుముకి తువ్వాలు చుట్టింది, ఆట ఉన్న రోజు పొద్దుట్నించి గుటక నీళ్ళు ముట్టలేదు. ఊళ్ళో ఏ వీధిలో ఏ మరుగుదొడ్డి ఎన్నింటికి తెరుస్తారో ఆ పిల్లకి తెలిసినంతగా వాటిని కట్టినవాళ్ళకి కూడా తెలియదు. ఇది పిల్లల్ని కన్నవాళ్ళకీ, వయసు మళ్ళినవాళ్ళకీ వచ్చేదని విన్నది. పెళ్ళి కూడా కాని తనకి వచ్చిందంటే, లోకంలో తనొక్కదాని ఒళ్ళే తప్పుగా కుట్టారని తేల్చుకుంది. ఒకసారి తల్లి చెవిన వేసింది. తల్లి చుట్టూ చూసి, ఆడపుట్టుకన్నాక ఏవో ఉంటాయి, బయట అనకు అంది. ఆ పిల్ల అనలేదు.

మొన్న ఆ చివరి రెండు జానల్లో చుక్కతో పోయేది కాదని తెలిసిపోయింది. మైదానం చుట్టూ నాలుగు వందల మంది. తాడు పట్టుకోవాలా, పరువు పట్టుకోవాలా. రెంటికీ కలిపి ఉన్నవి రెండే చేతులు.

మావయ్య గొంతు మెత్తబడింది. లాండ్రీ అబ్బాయి సంగతి నిజమైతే చెప్పెయ్యమనీ, పెళ్ళి తనే చేయిస్తాననీ, తాడు మాత్రం ఇంకొకరికి ఇస్తాననీ అన్నాడు. పిండి పొంగేలోపు చెప్పకపోతే ఆదివారం లంగరుగా జట్టులోని పొడుగు వదిన నిలబడుతుందనీ అన్నాడు. పొడుగు వదిన తల దించుకుంది. ఆవిడకీ ఆ చోటు వద్దు.  లంగరుకి ఉన్న పేరూ, చోటూ, గర్వమూ అన్నీ ఆ తాడు కొసనే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడు డాక్టరమ్మ వచ్చింది. ఎదురు వీధిలో ఫిజియోథెరపీ క్లినిక్ ఆవిడది. పట్టుమని ముప్ఫై ఏళ్ళుండవు. పెద్దక్క మణికట్టుకి కట్టు మార్చడానికి వచ్చి, అందరి మొహాలూ చూసి, ఎవరు పోయారని అడిగింది. ఇంకా ఎవరూ పోలేదని పెద్దక్క చెప్పి, కట్టు విప్పించుకుంటూనే సంగతంతా వినిపించింది. టీ ఇవ్వబోతే డాక్టరమ్మ తీసుకుంది. మిగతావాళ్ళెవరూ కప్పు ముట్టకపోవడం గమనించింది.

"ఇవాళ సాయంత్రం మీకు ప్రాక్టీసు ఉందా?" అని అడిగింది. ఉందన్నారు.

"పొద్దుట్నించి మంచినీళ్ళు తాగినవాళ్ళు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యి లేచింది. అది మావయ్యది.

లంగరు తల తిప్పి చూసింది. నీళ్ళు మానడం తన ఒక్కదాని దొంగతనమే అనుకుంది ఇన్నాళ్ళూ. ఎనిమిది మందీ ఒకరినొకరు చూసుకున్నారు. ఈ నియమం ఎవరు పెట్టారని డాక్టరమ్మ మావయ్యని అడిగితే, ఎవరూ పెట్టలేదు, మా పిల్లల నిష్ఠ అది, తపస్సులాంటిది అని ఆయన మీసం దువ్వాడు. డాక్టరమ్మ ఆయన్ని కాసేపు బయట కూర్చోమని మర్యాదగా చెప్పింది. ఆయన లేవబోయాడు.

"ఉండనివ్వండి," అంది లంగరు. "అడిగింది ఆయనే కదా. ఆయనే వినాలి."

పీట మీంచి లేచి నిలబడింది. కాళ్ళు అలవాటుగా ఎడంగా పెట్టుకుంది, తాడు లాగేటప్పుడు నిలబడినట్టు.

"తాడు జారలేదు మావయ్యా. నేనే వదిలేశాను. గట్టిగా లాగితే నాకు ఒంటేలు ఆగట్లేదు. ఏడాదిన్నరగా ఇంతే. ఆ రోజు అందరి ముందూ తడిసిపోతానని భయమేసింది. లాండ్రీ అబ్బాయి మొహం కూడా నేను సరిగ్గా చూడలేదు."

 పక్క గదిలో పిండి పొంగుతున్న చప్పుడు వినిపించిందని చెబుదామనుకున్నాను కానీ త్రాసు గుర్తొచ్చింది.

ముందుగా నోరు విప్పింది పెద్దక్క. కట్టు సగంలో ఉన్న చేతిని చూసుకుంటూ, "నాకు తుమ్మితే," అంది. 

 మెట్లు దిగేటప్పుడు, అంది పొడుగు వదిన. ఒక్కో మూట మీంచీ ఒక్కో మాట లేచింది. తాడు తిప్పుతూ గెంతితే అని ఒకరు. దగ్గు పట్టుకున్న నెలంతా అని ఇంకొకరు. అందరికంటే చిన్నదానికి పందొమ్మిదేళ్ళు, లాండ్రీ అబ్బాయి కథ పుట్టించిందీ అదే. నవ్వితే అని అది గొణిగింది. ఆ మాటకి పొడుగు వదినకి నవ్వొచ్చింది. నవ్వు రాగానే ఆవిడ గబుక్కున కాలు మీద కాలు వేసుకుంది. అది చూసి పెద్దక్క నవ్వింది, ఆవిడా కాలు మీద కాలు వేసుకుంది. నిమిషంలో అయిదుగురు కాళ్ళు పెనవేసుకుని, కన్నీళ్ళు కారుతుండగా, నవ్వించకండే చచ్చిపోతాం అని ఒకరినొకరు వేడుకోవడం మొదలుపెట్టారు. తను కాక ఏడుగురిలో అయిదుగురు. లంగరు ఆ పెనవేసిన కాళ్ళని వరసగా లెక్కపెట్టుకుంది. ఏడాదిన్నరగా గుండెల మీదున్న మూట ఎవరో చెయ్యేసి దింపినట్టయింది. తర్వాత తనూ నవ్వింది, తనూ కాళ్ళు పెనవేసింది.

మావయ్య మాత్రం నవ్వలేదు. గోడ వంక చూస్తూ ఏదో లెక్క వేసుకుంటున్నవాడిలా కూర్చున్నాడు. ఆ లెక్క ఏమిటో మనకి కాసేపట్లో తెలుస్తుంది.

డాక్టరమ్మ ఒక మూట దగ్గరికి వెళ్ళింది. మూట ఎత్తేముందు ఏం చూస్తారని అడిగింది. ఇది వాళ్ళ ఇలాకా కాబట్టి అందరూ ఒకేసారి చెప్పారు, అడుగు కుట్టు చూస్తామని. మూతి ఎంత గట్టిగా కట్టినా, అడుగు కుట్టు వదులైతే మైదా అంతా దారి పొడుగునా ముగ్గుపోస్తుంది. మన ఒంట్లోనూ ఒక అడుగు కుట్టు ఉందంది డాక్టరమ్మ. ముందు ఎముక నుంచి వెనక తోకెముక దాకా ఊయలలా పరుచుకున్న కండరాలు. పెల్విక్ ఫ్లోర్ అంటారు. మూత్రాశయమూ, గర్భసంచీ, పేగూ అన్నీ ఆ ఊయల మీదే కూర్చుంటాయి. ఇది పిల్లల్ని కన్నవాళ్ళ జబ్బని అనుకుంటారు, కానీ గెంతే ఆటలూ, బరువు పనులూ చేసే చిన్న వయసు అమ్మాయిల్లో చాలామందికి ఉంటుందనీ, ఒక్కరూ పైకి చెప్పరనీ అంది. ఇది వింతేమీ కాదు, అలాగని ఊరుకోవలసిందీ కాదు, చాలామందికి బాగుపడుతుంది అంది.

చేతి కండరం ఎక్కడుందో చూపించమంటే మావయ్య ఏడేళ్ళప్పుడే చొక్కా చెయ్యి పైకి లాగి చూపించి ఉంటాడు. కానీ ఈ కండరం సంగతి ఆ గదిలో తొమ్మిది మందికీ ఆ రోజుదాకా తెలియదు. ఇంత చదివినవాణ్ణి, అన్నీ తెలుసని విర్రవీగేవాణ్ణి, ఈ కథ చెబుతున్న నాకూ డెబ్బై దాటేదాకా తెలియదు. మా బళ్ళో గోడ మీద మనిషి బొమ్మ వేలాడేది. నడుం దగ్గర మా పంతులుగారు క్యాలెండరు తగిలించారు.

లంగరు అప్పుడు ఇంకో సంగతి బయటపెట్టింది. దీనికి వ్యాయామం ఉందని ఫోన్లో చదివిందట. రెండు నెలలుగా తెల్లవారుజామున మంచం మీద పడుకుని రోజుకి రెండు వందలసార్లు చేస్తోందట. తగ్గకపోగా ఎక్కువైందట.

డాక్టరమ్మ ఒకసారి చేసి చూపించమంది. అందరినీ చెయ్యమంది. అడుగు కండరం బిగించండి అంది.

ఆ మాట వినడమే ఆలస్యం, ఎనిమిది మందీ కాళ్ళు ఎడం చేసి, తుంటి కిందికి దింపి, మడమలు నేలలో గుచ్చి, ఊపిరి బిగబట్టి, మొహాలు ఎర్రబడేలా కిందికి నొక్కారు. బిగించడమంటే వాళ్ళకి తెలిసింది అదొక్కటే. రెండేళ్ళుగా మావయ్య నేర్పింది అదే, ఊపిరి బిగబట్టు, కిందికి నొక్కు, నేలలోకి దిగిపో అని. డాక్టరమ్మ లంగరు పొట్ట మీద చెయ్యి వేసి చూసి, నెమ్మదిగా తీసేసింది.

"మీరు రెండు నెలలుగా రోజుకి రెండు వందలసార్లు ఆ కుట్టుని విప్పుతున్నారు," అంది. "బిగించడమంటే కిందికి కాదమ్మా. పైకి."

ఎనిమిది మందికీ అర్థం కాలేదు. నేలలోకి దిగడమే బలమని నమ్మినవాళ్ళకి పైకి అంటే ఏం చెప్పాలి. అప్పుడు డాక్టరమ్మ కూర్చోమంది. నలుగురిలో కూర్చున్నప్పుడు గ్యాసు వస్తే ఏం చేస్తారని అడిగింది. ఇది మాత్రం ఎవరూ నేర్పక్కర్లేకుండా వచ్చు. లోపల్నించి మూసుకుని పైకి లాక్కుంటారే, ముందువైపు కూడా అలాగే, అంది. ఊపిరి వదులుతూ. తొడలు కదలకూడదు, భుజాలు కదలకూడదు, పక్కవాళ్ళకి తెలియకూడదు. కాసేపు ఉంచి మెల్లగా పూర్తిగా వదలాలి, వదలడం కూడా బిగించడమంత పని. పూటకి పదిసార్లు చాలు, రెండు వందలు వద్దు. రెండు మూడు నెలలు పట్టొచ్చు, ఆదివారంలోపు జరిగే అద్భుతం కాదు అని ముందే చెప్పేసింది. ఎవరికైనా నొప్పి ఉన్నా, తగ్గకపోయినా క్లినిక్‌కి రావాలని కూడా చెప్పింది, కొందరికి అసలు బిగుతే ఎక్కువై ఇబ్బంది వస్తుందట. మూటల మీద ఎనిమిది మంది కదలకుండా, ఏమీ ఎరగనట్టు మొహాలు పెట్టి కూర్చున్నారు. బయటినుంచి చూసినవాళ్ళకి మౌనవ్రతం అనిపించి ఉంటుంది.

లంగరు కళ్ళు మూసుకుంది. మొదటిసారి ఏమీ తెలియలేదు. రెండోసారీ అంతే. మూడోసారి ఊపిరి మొత్తం వదిలేసరికి, లోపల ఎక్కడో ఎవరో సన్నని దారం కొస పట్టుకుని పైకి లాగినట్టనిపించింది. మళ్ళీ చేసింది. మళ్ళీ లేచింది. మణికట్టంత లావు తాడుని రెండేళ్ళు లాగిన పిల్లకి ఈ దారం కొస ఇప్పటికి దొరికింది. దొరికిందంటూ కళ్ళు తెరిచి, పక్కనున్న చిన్నదాని భుజం మీద ఒక్కటి వేసింది. అది మూట మీంచి దొర్లిపోయింది.

మరి ఆదివారం సంగతేమిటని పెద్దక్క అడిగింది. నీళ్ళు మానొద్దు, రావలసినప్పుడు వెళ్ళండి, లోపల ప్యాడ్ వేసుకోండి అంది డాక్టరమ్మ. అన్నింటికంటే ముఖ్యం, లాగేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు. కానీ రెండేళ్ళ అలవాటు రెండు రోజుల్లో పోదు కదా అని ఆలోచనలో పడింది. ఆలోచిస్తూ మావయ్య మెడ వంక చూసింది.

"ఊపిరి బిగబట్టి ఈల ఊదగలరా మీరు?" అని అడిగింది ఆయన్ని.

ఆయన ప్రయత్నించాడు. బుగ్గలు పొంగాయి, ఈల పలకలేదు.

డాక్టరమ్మ చెయ్యి చాపింది. మావయ్య ఒకసారి ఈలని చూసుకున్నాడు, ఒకసారి మేనకోడల్ని చూశాడు. తరవాత దాన్ని మెడలోంచి తీశాడు. పుట్టుమచ్చ అన్నాను కదా, ఊడివచ్చింది. చొక్కా అంచుతో తుడిచి, తనే లంగరు మెడలో వేశాడు.

గది మూల ఇనప స్తంభానికి తాడు కట్టారు. లంగరు నడుముకి చుట్టుకుంది. పెద్దక్క ముందు నిలబడి పట్టు పట్టింది, ఒంటి చేత్తోనే. లంగరు ఈల నోట్లో పెట్టుకుని, దారం కొస వెతుక్కుని, లోపలికి పైకి లాగి, అప్పుడు తాడు లాగింది. ఈల సన్నగా మొదలై, పొడుగ్గా, తెగకుండా మోగింది. స్తంభం వంగిందని చెప్పను, దానికి తుప్పు పట్టిన పెచ్చులు మాత్రం రాలాయి. ఊపిరి అయిపోయేదాకా లాగి ఆగింది. ఆగి, నిలబడి, తనలో తను చూసుకుంది. ఏమీ లేదు. పొడి. నడుముకున్న తువ్వాలు విప్పి, మడిచి, మూట మీద పెట్టింది. ఏడాదిన్నరలో ఆ తువ్వాలు లేకుండా ఆ పిల్ల నడుముని చూడటం జట్టుకి అదే మొదలు.

పెద్దక్క తీర్పు రెండు ముక్కల్లో చెప్పేసింది. లంగరు చోటు లంగరుదే. లాండ్రీ అబ్బాయి కథ పుట్టించిన చిన్నది వారంపాటు తొట్లు కడగాలి.

అందరూ కేకలు వేస్తుంటే మావయ్య డాక్టరమ్మ పక్కకి జరిగాడు. మేనకోడలికి వినపడేంత దగ్గరలోనే నిలబడ్డాడు. ఇది వయసొచ్చినవాళ్ళకి కూడా బాగవుతుందా అని అడిగాడు. ఎంత వయసు అందావిడ. యాభై రెండు అన్నాడు. చాలావరకు బాగవుతుంది, ఎవరికి అంది.  ఆయన వేళ్ళు మడుస్తూ ఏళ్ళు లెక్కపెడుతున్నాడు.

లంగరుకి అప్పుడు వెలిగింది. అత్తయ్య ఇరవై ఏళ్ళుగా జోకు సగంలో లేచి వెళ్ళిపోవడం. బస్సులో గంట దాటిన ప్రయాణానికి ఏదో ఒక వంక చెప్పడం. ఎక్కడికెళ్ళినా తలుపు పక్క కుర్చీ వెతుక్కోవడం. ముందే పెదవులు బిగించుకోవడం. ఆవిడకి విసుగొచ్చి కాదు. నవ్వొచ్చి.

"ఇరవై ఏళ్ళు," అన్నాడు మావయ్య, ఎవరితోనూ కాకుండా. "నా జోకులు పండట్లేదనుకున్నాను."

ఎవరైనా ఏదైనా అనేలోపు తలుపు చప్పుడైంది. పిండి పొంగి పొంగి తొట్టి దాటి నడుచుకుంటూ వచ్చి తలుపు తట్టిందనుకున్నారు, యాభై నిమిషాలు దాటి చాలాసేపైంది మరి. తలుపు తోసుకుని వచ్చింది అత్తయ్య. తొట్టి చుట్టూ పిండి కారుతోందనీ, ఎవరికీ చెవులు లేవా అనీ మొదలుపెట్టి, మొగుడి మెడ బోసిగా ఉండటం చూసి ఆగిపోయింది. తాళి తీసిన మెడ చూసినట్టు చూసింది.

ఎవరు చెప్పారో, ఎంత విన్నదో తెలియదు. ఆ తలుపు సన్నని చెక్క, కౌంటరు ఆ తలుపు అవతలే. ఆవిడ పళ్ళెంలో చల్లారిన కప్పులు ఒక్కొక్కటీ సర్దుకుని, మొగుడి వైపు చూడకుండా అడిగింది.

"ఇంతకీ ఆ చిలక అత్తారింట్లో ఏమంది?"

మావయ్య నోరు తెరిచాడు.  కంట్లో మైదా పడిందని కండువాతో గట్టిగా రుద్దుకున్నాడు. రెండు కళ్ళలోనూ పడింది.

చిలక ఏమందో ఆవిడ ఆ క్షణాన వినలేకపోయింది. ఎందుకంటే ఆవిడ లోపలికి వచ్చింది ఇంకో కబురుతో. లాండ్రీ జట్టు కెప్టెను కౌంటరు దగ్గర నిలబడి ఉందట. రొట్టె కోసం రాలేదట. లంగరుతో ఒంటరిగా మాట్లాడాలందట. మొన్న తాడు వదిలిన క్షణం ఎదురుగా ఆ మొహాన్ని చూసిందట, ఎందుకు వదిలిందో చూడగానే తెలిసిపోయిందట. ఎందుకంటే వాళ్ళ లంగరు కూడా నడుముకి తువ్వాలు చుట్టుకునే లాగుతుందట. ఇప్పుడు ఈ గదిలోకి డాక్టరమ్మ రావడం చూసిందట. ఆవిడ మీకేం చెప్పిందో మాకూ చెప్పమని అడగడానికి వచ్చిందట. ఆదివారంలోపే.

 జట్టు రెండుగా చీలడానికి ఎంతోసేపు పట్టలేదు. ఫైనల్ అయ్యాక చెబుదాం, రెండు రోజుల్లో కొంప మునిగేదేముంది అంది పొడుగు వదిన. ఇప్పుడే చెప్పేద్దాం, వాళ్ళూ మనలాంటివాళ్ళే కదా అంది చిన్నది. పెద్దక్క బెణికిన మణికట్టు చూసుకుంటూ ఊరుకుంది. తీర్పు చెప్పాల్సిన మనిషి ఊరుకుంటే ఇంకెవరు చెబుతారు. అందరి చూపులూ తిరిగి తిరిగి లంగరు మీదికి వచ్చాయి.

లంగరు చల్లటి నీళ్ళ జగ్గు అందుకుంది. ఒక గ్లాసు నిండా పోసుకుని, అందరూ చూస్తుండగా గటగటా తాగేసింది. రెండో గ్లాసు నింపి చేత్తో పట్టుకుని తలుపు వైపు నడిచింది.

ఆగమని ఈల ఊదడానికి మావయ్య చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఈల లేదు. అది తలుపు దాటి వెళ్ళిపోతున్న పిల్ల మెడలో ఊగుతోంది.

ఆవగింజల కోసం మీలో ఎవరైనా త్రాసు పట్టుకుని వచ్చేలోపు నేనే ఒప్పేసుకుంటాను. ఈ వారం ఒక సంగతి కల్పించి చెప్పాను. గడియారాలది కాదు, దాన్ని మీరెవరూ నమ్మలేదు, నమ్మనిది అబద్ధం కింద లెక్క రాదు. మావయ్య కంట్లో మైదా పడిందన్నానే, అదీ సంగతి. ఆ మధ్యాహ్నం ఆ గదిలో ఒక్క మూట కూడా విప్పలేదు.